బిడ్డ బాకీ ఎవరు వసూలు చేయాలి?

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో సామాజిక కార్యాచరణ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నుంచి లెక్కలు విన్నాం. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి రికవరీ ఎంత అని ఒకరి తర్వాత ఒకరు చదివారు. మా కమిటీకి భోజనాల ముందు టైము ఇచ్చారు. ఆకలి మీదున్నారని తెలుసు. కానీ మేం చెప్పబోయేదీ వసూళ్ళ సంగతే, మీకు కొత్త విద్యేం కాదు.

మన సంఘంలో ఒకామె కిస్తీ కట్టలేదనుకోండి. ఆ మీటింగులోనే పేరు చదువుతాం. తర్వాత లీడరు ఇంటికి వెళ్తుంది. ఆ తర్వాత వి.ఓ.ఏ. వస్తుంది, సి.సి. వస్తుంది, చివరికి బ్యాంకువాళ్ళ జీపు వచ్చి వాకిట్లో ఆగుతుంది. అడిగే మనిషి ఉంది, రాసే పుస్తకం ఉంది, ఏ తారీఖుకి ఎంత రావాలో అందరికీ తెలుసు. మనం నిజాయితీ గలవాళ్ళం కాబట్టి అప్పులు తీరుతున్నాయని అందరూ పొగుడుతారు. నిజాయితీ ఉంది, కాదనం. దాంతోపాటు అడిగే ఏర్పాటు కూడా ఉంది కాబట్టే తీరుతున్నాయి.

ఇప్పుడు ఇంకో బాకీ సంగతి చెప్తాం. జడ్జిగారు సంతకం పెట్టి, ముద్ర వేసి, ఈ బిడ్డకి తండ్రి నెలనెలా ఇంత ఇవ్వాలి అని రాసిన బాకీ. మన బ్యాంకు కాయితాల కంటే బరువైన కాయితం అది. ఆ తండ్రి కట్టకపోతే ఎవరు వెళ్ళి అడుగుతారు? ఏ పుస్తకంలో రాసి ఉంటుంది? ఈ సంవత్సరమంతా మా కమిటీ ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని తిరిగింది.

ఒక చెల్లెలి సంగతితో మొదలుపెడతాం. పేరు చెప్పం, ఊరు చెప్పం. మిరపకి నల్ల తామర పురుగు వచ్చిన ఏడు మీకందరికీ గుర్తుంది కదా, 2021 చివర్లో. పూత పూతంతా ముడుచుకుపోయింది. ఆమె పెనిమిటి కౌలుకి వేసిన తోట మొత్తం పోయింది. అప్పులవాళ్ళు ఇంటిమీదకొచ్చారు. అతను పని కోసమని ఊరు దాటి మళ్ళీ ఇంటికి రాలేదు. కొన్నాళ్ళకి వేరే ఊళ్ళో వేరే సంసారం పెట్టాడని తెలిసింది. ఇద్దరు పిల్లలు, పెద్దది అప్పుడు నాలుగో తరగతి. ఆమె పత్తి ఏరి, మిరపకాయ కోసి పిల్లల్ని సాకుతూనే కోర్టుకి వెళ్ళింది. పిల్లలకి తలా రెండు వేలు, ఆమెకి మూడు వేలు మనోవర్తి ఇవ్వమని ఉత్తర్వు వచ్చింది. అతను మూడు నెలలు కట్టాడు. తర్వాత ఆపేశాడు.

ఆమె మా దగ్గరికి వచ్చేసరికి పందొమ్మిది నెలల బాకీ పేరుకుపోయి ఉంది. "ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నావమ్మా?" అని అడిగాం. ఆమె చెప్పిన జవాబు మాకు ఇప్పటికీ గుర్తే. "కోర్టు చెప్పింది కదక్కా, కోర్టోళ్ళే వసూలు చేసి పంపిస్తారనుకున్నా" అంది.

ఆమె అనుకున్నదాంట్లో తప్పేముంది? మనలో చాలామందిమి అట్లాగే అనుకుంటాం. చట్టం ఉంది, ఉత్తర్వు ఉంది, మరి వసూలు చేసే ఆఫీసు ఎక్కడో ఉండే ఉంటుందని. అట్లాంటి ఆఫీసు లేదు. కట్టని నెల వచ్చిన ప్రతిసారీ ఆమే ప్లీడరు దగ్గరికి వెళ్ళాలి, ఆమే పిటిషను వేయాలి, అతను ఎక్కడున్నాడో ఆమే కనుక్కోవాలి. పైగా వారెంటు కోసం వేసే పిటిషను బాకీ పడ్డ తారీఖు నుంచి ఏడాది లోపల వేయాలి. ఏడాది దాటిన నెలలకి ఆ దారిలో వారెంటు రాదు. అట్లా ఆ చెల్లెలి పిల్లల ఏడు నెలల డబ్బు చేజారింది. ఎవరూ చెప్పలేదు ఆమెకి. మేమూ చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి మాకూ తెలియదు. మీరు ఈ రోజు ఇంకేది మర్చిపోయినా ఈ ఏడాది గడువు మాత్రం మర్చిపోవద్దు.

చట్టం సంగతి కాస్త చెప్పాలి. మన పెద్దవాళ్ళు 125 కేసు అని చెప్పుకునేది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షను. మొదట్లో నెలకి 500 రూపాయలకి మించి ఇవ్వడానికి వీల్లేదని అందులో ఉండేది. 2001లో ఆ హద్దు తీసేశారు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. అందులో ఇదే సంగతి 144వ సెక్షనులో ఉంది. నంబరు మారింది గానీ హక్కు మారలేదు. పెళ్ళయి పుట్టిన బిడ్డయినా, పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డయినా తండ్రి పోషించాల్సిందే. మనం ఎక్కడ ఉంటే అక్కడి కోర్టులోనే వేయొచ్చు, అతనున్న ఊరు వెతుక్కుంటూ పోనక్కర్లేదు. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అందులో, లేనిచోట మేజిస్ట్రేటు కోర్టులో. ముస్లిం అక్కచెల్లెళ్ళకి ఇది వర్తించదని కొందరు అంటుంటారు. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2024 జూలై 10న సుప్రీంకోర్టు వర్తిస్తుందని స్పష్టంగా చెప్పింది. మన సంఘాల్లో ముస్లిం సభ్యులు చాలామంది ఉన్నారు, వాళ్ళకి ఈ మాట చేరవేయండి.

కట్టకపోతే ఏం చేయొచ్చో కూడా చట్టంలో గట్టిగానే ఉంది. జరిమానా వసూలు చేసే పద్ధతిలోనే దీన్నీ వసూలు చేయొచ్చు. అంటే అతని సామాను జప్తు చేయొచ్చు, కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలాగా రాబట్టొచ్చు. అయినా కట్టకపోతే ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు. జైలుకెళ్ళి వస్తే బాకీ తీరిపోయినట్టేనని మగవాళ్ళు చెప్పుకుంటుంటారు. అది అబద్ధం. జైలు కట్టించడానికే గానీ, కట్టినట్టు లెక్క కాదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది.

మరి ఇంత చట్టం ఉండి డబ్బెందుకు రావడం లేదు? వారెంటు కాయితం ఎట్లా నడుస్తుందో ఆ చెల్లెలితో కలిసి వెంట నడిచి చూశాం. కోర్టు నుంచి పోలీసు స్టేషనుకి వెళ్తుంది. స్టేషనులో ఉన్న నలుగురైదుగురికి బందోబస్తు డ్యూటీ, తిరునాళ్ళ డ్యూటీ, ఎలక్షను డ్యూటీ. ఈ వారెంటు అన్నిటికంటే అడుగున ఉంటుంది. పైకి తీసిన రోజున "అతను ఎక్కడున్నాడో చెప్పమ్మా, వెళ్ళి పట్టుకొస్తాం" అంటారు. చెప్తే, "బండికి పెట్రోలు" అంటారు. వెళ్తే అతను ఉండడు. "మనిషి దొరకలేదు" అని రాసి కాయితం కోర్టుకి వెనక్కి. మళ్ళీ వాయిదా. వాయిదా అంటే ఆమెకి ఒక కూలిరోజు పోవడం, బస్సు చార్జీ, ప్లీడరు గుమాస్తాకి టీ డబ్బులు. రెండు వేల బాకీ కోసం ఎన్ని వందలు పెట్టుకోవాలో మీరే లెక్కేసుకోండి. ఆ కానిస్టేబుల్ చెడ్డవాడని మేం అనడం లేదు. ఆ బిడ్డ డబ్బు తెచ్చిపెట్టడం అతని అసలు పని కాదు, వంద పనుల్లో నూటొకటోది. చివరికి ఆ పని ఎవరి పనీ కాకుండా పోతోంది.

ఒక్క చోట మాత్రం ఇది ఒకరి పని అని రాసి ఉంది. అది తెలుసుకోవడానికే మాకు ఆరు నెలలు పట్టింది. 2005 నాటి గృహహింస చట్టం, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాంట్లో రక్షణాధికారి అని ఒకరిని పెట్టారు. ఆ అధికారి పనుల జాబితా 9వ సెక్షనులో ఉంది. కోర్టు ఇచ్చిన డబ్బు ఉత్తర్వు అమలయ్యేట్టు చూడటం కూడా అందులో ఒక పనిగా రాశారు. అదే చట్టం 20వ సెక్షను ప్రకారం పిల్లల పోషణ ఖర్చు అడగొచ్చు, ఉత్తర్వు కాపీ అతనుండే పోలీసు స్టేషనుకి కూడా వెళ్ళాలి. అతను కట్టకపోతే అతనికి జీతమిచ్చే యజమానిని గానీ, అతనికి డబ్బు బాకీ ఉన్న మనిషిని గానీ, ఆ డబ్బు నేరుగా ఆమెకి ఇవ్వమని జడ్జి చెప్పొచ్చు. కొట్టలేదు కదా, గృహహింస ఎట్లా అవుతుందని అడుగుతారు. ఇంటి ఖర్చుకి, పిల్లలకి ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వకపోవడాన్ని కూడా ఆ చట్టం ఆర్థిక హింస అంటుంది.

అతనికి డబ్బు బాకీ ఉన్న మనిషి అన్న మాట దగ్గర మా కమిటీలో ఒకామె లేచి నిలబడింది. ఆమె గుంటూరు మిర్చియార్డు దగ్గర కొట్టులో తొడిమలు తీసే పనికి పోతుంది. "మిరపకాయలు అమ్ముకున్న రైతుకి కమీషన్ ఏజెంటు బాకీ ఉంటాడు గదా, మరి ఆ బాకీ?" అంది. మేమందరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ప్లీడరమ్మ నవ్వి, "ఉద్యోగస్తుడి జీతం కోసమే ఈ సెక్షను అనుకుంటారు అందరూ, మీరు అసలైన దారి చూపించారు" అంది.

తర్వాత జరిగింది వినండి. ఆ పారిపోయిన పెనిమిటి, నాకు ఏ ఆదాయమూ లేదు, కూలిపని చేసుకుని బతుకుతున్నా అని కోర్టులో చెప్పాడు. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ప్రకారం మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, రాబడి రాసి అఫిడవిట్టు ఇవ్వాలి. అతనూ ఇచ్చాడు, అన్ని గడుల్లో సున్నాలు పెట్టి. ఫాల్గుణ మాసంలో మన తొడిమలు తీసే అక్క పనిలో ఉండగా లాటు పిలిచే గుమాస్తా నోట అతని పేరూ ఊరూ ఆమె చెవిన పడ్డాయి. తల తిప్పి చూస్తే మనిషి అక్కడే ఉన్నాడు. ధర బాగాలేదని సగం టిక్కీలు అమ్మి, మిగతావి కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే ఫోను వచ్చింది. వారం తిరక్కుండా మండల న్యాయసేవా కమిటీ ఇచ్చిన ప్లీడరమ్మ ఆ టిక్కీల సంగతి రాసి జప్తు పిటిషను వేసింది. నోటీసు అందగానే ఇన్నాళ్ళూ దొరకని మనిషి తనంతట తానే కోర్టుకొచ్చి ఎనిమిది నెలల బాకీ కట్టాడు.

మళ్ళీ ఆపేశాడు. అది కూడా చెప్పాలి. కేసు ఇంకా నడుస్తోంది.

మన నేల తీరు తెలిసిన మనిషి ఈ పనిలో ఉంటే ఎంత తేడా వస్తుందో మాకప్పుడు తెలిసింది. కార్తీకంలో వారెంటు పట్టుకుపోతే మిరప రైతు ఇంట్లో ఏం దొరుకుతుంది? మందుకొట్టు అప్పు చీటీలు దొరుకుతాయి. పత్తి అమ్మే రోజులు వేరు, మిరప అమ్మే రోజులు వేరు, పశ్చిమ ప్రకాశం నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో కూలికి పోయిన మనిషి పండక్కి ఊరొచ్చే రోజులు వేరు. ఏ మనిషి చేతిలో ఏ నెలలో డబ్బాడుతుందో కంప్యూటరుకి తెలియదు, మన ఊరి కూలి ముఠా మేస్త్రమ్మకి తెలుసు.

ఇతర దేశాల్లో ఎట్లా చేస్తున్నారో కూడా కనుక్కున్నాం. ఇప్పుడు అమెరికాలో చుట్టం లేని ఊరు మన జిల్లాల్లో తక్కువ. అక్కడ విడిపోయిన ఒక అమ్మాయికి, నెల తిరిగేసరికి మాజీ భర్త జీతంలోంచి పిల్లాడి డబ్బు కోసుకుని నేరుగా ఖాతాలో పడుతుందని వాళ్ళమ్మ మాతో చెప్తే మొదట నమ్మలేదు. నిజమే. 1975 జనవరిలో అక్కడ చట్టం చేసి ప్రతి రాష్ట్రంలోనూ దీనికోసమే ఆఫీసులు పెట్టించారు. రాష్ట్రాలకయ్యే ఖర్చులో నూటికి 66 వంతులు కేంద్రమే ఇస్తుంది. తండ్రి ఎక్కడున్నాడో వెతికేవాళ్ళు, ఉత్తర్వు తెచ్చేవాళ్ళు, వసూలు చేసి పంచేవాళ్ళు అక్కడ ఉద్యోగులే. 1996 నాటి చట్టం ప్రకారం, ఎవరినైనా కొత్తగా పనిలో పెట్టుకుంటే యజమాని 20 రోజుల్లోపు సర్కారుకి తెలియజేయాలి. మనిషి ఉద్యోగం మారి తప్పించుకుందామంటే కుదరదు. కాలిఫోర్నియాలో మొదట ఈ పని జిల్లా ప్రాసిక్యూటర్ల చేతిలో ఉండేది. నేరాల కేసుల మధ్య ఇది వెనకబడిపోతోందని 1999లో చట్టం చేసి విడి శాఖ పెట్టారు. మన పోలీసు స్టేషనులో అడుగున పడుండే వారెంటు సంగతి గుర్తొచ్చింది మాకు.

అక్కడంతా బాగుందని మాత్రం చెప్పం. సర్కారు సాయం మీద బతికే తల్లి అయితే, తండ్రి దగ్గర వసూలైన డబ్బుని ఆ సాయం కింద సర్కారే జమ చేసుకునే పద్ధతి అక్కడ ఉంది. బిడ్డ పేరు చెప్పి వసూలు చేసి ఖజానాకి వేసుకోవడమే కదా అది. బ్రిటన్‌లో 1993లో ఆర్భాటంగా ఏజెన్సీ పెట్టారు. కేసులు కొండలా వచ్చిపడ్డాయి, లెక్కలు తప్పులు, బాకీలు పేరుకుపోయాయి, ఆఖరికి దాన్ని మూసి 2012లో ఇంకో సంస్థ మొదలుపెట్టాల్సి వచ్చింది. స్వీడన్‌లో మాత్రం 1937 నుంచే, తండ్రి కట్టకపోతే ప్రభుత్వం ముందుగా బిడ్డకి ఇచ్చేసి తర్వాత అతని దగ్గర రాబట్టుకునే ఏర్పాటు ఉంది. మాకు అన్నిటికంటే నచ్చింది అదే. బిడ్డకి వేళకి అన్నం, పెద్దవాళ్ళ తగాదా పెద్దవాళ్ళకి.

మన దగ్గరికి వద్దాం. రక్షణాధికారి అని చట్టంలో ఉంది సరే, ఆ కుర్చీలో ఎవరున్నారు? మన రాష్ట్రంలో జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టరుకే ఆ బాధ్యత. అంగన్‌వాడీలు, పౌష్టికాహారం, బాల్యవివాహాలు, హాస్టళ్ళు, మీటింగులు, వీటన్నిటితోపాటు ఇదీ. కింద గృహహింస విభాగంలో లీగల్ కౌన్సెలరు, సోషల్ కౌన్సెలరు ఉంటారు, కాంట్రాక్టు మీద. వాళ్ళు మంచిగానే మాట్లాడారు మాతో. కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోకముందు మాచర్ల వైపు నుంచి గుంటూరు పోవాలన్నా, యర్రగొండపాలెం నుంచి ఒంగోలు పోవాలన్నా రోజంతా పట్టేది. ఇప్పుడు పల్నాడువాళ్ళకి నరసరావుపేట దగ్గరైంది, అది కొంత మేలు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, జిల్లా స్థాయిలోనే కాదు తాలూకా స్థాయిలో కూడా రక్షణాధికారుల్ని గుర్తించి నియమించాలని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. చెప్పినంత మాత్రాన మనిషి వస్తుందా, లేక ఉన్న మనిషికే ఇంకో బోర్డు తగిలిస్తారా అన్నది మనం కనిపెట్టుకుని ఉండాలి. మన అంగన్‌వాడీ సూపర్‌వైజర్లని చూస్తున్నాం కదా, ఒక్కొక్కరి మెడలో ఎన్ని బోర్డులున్నాయో.

అందుకని మా కమిటీ కూర్చుని మనకి ఎట్లాంటి మనిషి కావాలో రాసుకుంది. చదువుతాం, అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పండి.

మండలానికి ఒక మనిషి, ఇదే పనిగా. అదనపు బాధ్యత వద్దు. ఆమె బల్లమీద ఒక రిజిస్టరు ఉండాలి, మన అప్పుల లెడ్జరులాంటిదే. ఎం.సి. నంబరు, బిడ్డ వయసు, నెల మొత్తం, ఏ నెల కట్టాడు, ఏ నెల కట్టలేదు, ఏడాది గడువు ఎప్పుడు ముగుస్తుంది. ఒక నెల తప్పితే ఆ నెలలోనే ఫోను, రెండు నెలలు తప్పితే పిటిషను. తల్లి వచ్చి అడిగేదాకా ఆగకూడదు. డబ్బు తల్లి ఖాతాలో పడాలి. ఇప్పుడు అతను కోర్టులో కట్టిన డబ్బు తీసుకోడానికి కూడా ఆమె మళ్ళీ పిటిషను వేసుకుని తిరగాల్సి వస్తోంది. ఒక మనిషి మీద ఎన్ని కేసులు పెట్టొచ్చో హద్దు ఉండాలి. మేం నూరు అనుకున్నాం. నూరు ఎందుకంటే, ఒక వి.ఓ.ఏ. ఎన్ని సంఘాలు నిజంగా చూడగలదో మనకి అనుభవం ఉంది, దాన్నిబట్టి అనుకున్నాం.

ఒక సంగతి మీద మాత్రం కమిటీలో గట్టి వాదన జరిగింది. రాజీ చేసే మనిషీ వసూలు చేసే మనిషీ ఒకరే కావొచ్చా అని. వద్దు అన్నదే చివరికి నిలబడింది. దానికి కారణం మా సొంత తప్పు.

మూడేళ్ళ కిందట మా కుటుంబ సలహా కేంద్రానికి ఒక జంట వచ్చింది. కలవరని తేలిపోయింది. పెద్దమనుషులు కూర్చున్నారు, మేమూ కూర్చున్నాం. రెండు లక్షలు ఒకేసారి తీసుకుని, ఇకముందు తనకి గానీ బిడ్డకి గానీ ఏమీ అడగనని ఆమె రాసిచ్చింది. కేసు తెగింది, సమస్య పరిష్కారమైంది అని మా రిజిస్టరులో పచ్చ సిరాతో రాసుకున్నాం. ఆ సంవత్సరం మన వార్షిక నివేదికలో పరిష్కరించిన కేసుల్లో అదీ లెక్కకొచ్చింది. ఆ రెండు లక్షల్లో ఎక్కువ భాగం ఆమె తండ్రి పత్తి అప్పుకి పోయింది, మిగిలింది ఆమె ఆపరేషనుకి. ఆ పాపకి ఇప్పుడు ఏడేళ్ళు, స్కూలుకి నోటుపుస్తకాలు మన సంఘం నుంచే కొనిచ్చాం. ఆ కాయితం మీద సాక్షి సంతకాలు మావే.

తల్లి పెట్టిన సంతకం బిడ్డ హక్కుని తీసేయలేదు అని ప్లీడరమ్మ చెప్పాక మాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. బిడ్డ పేరున ఇప్పుడైనా అడగొచ్చు. ఆమెతో మాట్లాడాం. "మీరే గదక్కా సంతకం పెట్టమంది" అంది. కోపంగా కూడా అనలేదు. మామూలుగా అంది. పిటిషను తయారవుతోంది.

కాబట్టి తగాదా తేలితే చాలు అనుకునే చోట బిడ్డ లెక్క ఎప్పుడూ కిందికే పోతుంది. సలహా చెప్పేవాళ్ళు సలహా చెప్పనీండి. వసూలు చేసే మనిషికి బిడ్డ లెక్క తప్ప ఇంకో లెక్క ఉండకూడదు. అట్లాగే ఆ మనిషి పోలీసు కాకూడదనీ, ఆ ఊరి లీడరు చుట్టం కాకూడదనీ కూడా రాశాం. ఇక్కడ కొంతమంది లీడర్లు మా వైపు గుర్రుగా చూస్తున్నారు, పర్లేదు.

ఇంకొకటి, అన్నల తరఫున. తోట పోయి, నిజంగానే చేతిలో పైసా లేని తండ్రులు ఉన్నారు. అట్లాంటివాణ్ణి జైల్లో పెడితే ఆ నెల కూలి కూడా పోతుంది. రాబడి తగ్గితే మొత్తం తగ్గించమని, పెరిగితే పెంచమని అడిగే వీలు చట్టంలోనే ఉంది. మన మనిషి ఉంటే, ఎవరికి లేదో, ఎవరు లేదని చెప్తున్నారో తేడా తెలుసుకుంటుంది. ఇప్పుడు ఇద్దరికీ ఒకటే వారెంటు వెళ్తోంది, ఇద్దరూ ఒకేలాగా దొరక్కుండా పోతున్నారు.

ఆ మనిషి వచ్చేదాకా మనం చేయగలిగింది కొంత ఉంది. గ్రామ సంఘం మినిట్సు పుస్తకంలో నెలకొకసారి మనోవర్తి అని ఒక వరస రాయండి. ఎవరికి ఉత్తర్వు ఉంది, ఈ నెల వచ్చిందా లేదా, అంతే. తల్లి ఒప్పుకుంటేనే రాయండి, పదిమందిలో చదవొద్దు. ఉచిత ప్లీడరు కోసం డబ్బు కట్టక్కర్లేదు, ఆదాయం సర్టిఫికెట్టు కూడా అక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆ హక్కు ఉంది. 15100కి ఫోను చేయొచ్చు, హింస జరుగుతుంటే 181. మనం మాత్రం ఆ మగవాడి ఇంటి మీదకి గుంపుగా పోవద్దు. కిస్తీకి ఇంటిముందు కూర్చునే అలవాటు మనకి ఉంది, అది ఇక్కడ పనికిరాదు. రేపు ఆ దెబ్బ ఆమె మీదే పడుతుంది.

తీర్మానం కాయితం సమాఖ్య కార్యదర్శి దగ్గర ఉంది. మండలానికొక పూర్తికాలపు రక్షణాధికారి కావాలని జిల్లా కలెక్టరుకీ, శాఖకీ పంపుతాం. సంతకాలు భోజనాలయ్యాక. మెట్ల పక్కన బల్లమీద మా నోటుబుక్కు కూడా పెట్టాం. అందులో పేర్లు ఇప్పటికే రెండు పేజీలు నిండాయి. ఇంకా ఎవరికైనా కోర్టు ఉత్తర్వు ఉండి డబ్బు రాకపోతే, కాయితం ఇంట్లో ఉన్నా పర్లేదు, ఎం.సి. నంబరు గుర్తుంటే చాలు, చివరిసారి డబ్బు ఏ నెలలో వచ్చిందో చెప్పి రాయించుకోండి. పదకొండో నెలలో ఉన్నవాళ్ళు భోజనానికి ముందే రండి.